ఎర్రగడ్డలకు ఇంటూ మార్కు

శేషయ్య శెట్టి గారి చెవులకు నేనొక అన్యాయం చేశాను. ఆ సంగతి ఆళ్లగడ్డ బజార్లో నలుగురి ముందూ ఒప్పుకున్నాను కాబట్టి కాగితం మీద ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

నా పేరు ప్రమీల. నంద్యాల శ్రీనివాస సెంటర్ దగ్గర ఒక సందులో, మేడ మీద, చెవి పరీక్షలు చేసే చిన్న సెంటర్ నడుపుతాను. వినికిడి తగ్గినవాళ్లకు మిషన్లు పెట్టి, వాటితో వినడం నేర్పిస్తాను. కళ్లజోడు పెట్టుకోగానే కనిపించినట్టు, మిషన్ పెట్టుకోగానే అన్నీ వినిపిస్తాయని చాలామంది అనుకుంటారు. వినిపిస్తాయి, అదే చిక్కు. ఫ్యాను, హారన్లు, పక్కింటి కుక్కర్, సొంత నమిలే చప్పుడు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఏళ్ల తరబడి చప్పుళ్లు మరిచిపోయిన మనిషి ఆ రొదలోంచి మాటను ఏరుకోవడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. అందుకోసం కంప్యూటర్లో పాఠాలున్నాయి. రోజుకు అరగంట చేస్తే నెల తిరిగేసరికి తేడా తెలుస్తుంది. చేయరు. "మిషన్ పనికిరాదు" అని డబ్బాలో పెట్టి బీరువాలో దాస్తారు. అలాంటివాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నా నోటికి జడిసి పాఠాలు చేసేవాళ్లే ఎక్కువ.

శేషయ్య గారిని మొన్న ఎండాకాలంలో ఆయన కొడుకు హరీశ్ వెంటబెట్టుకొచ్చాడు. శేషయ్య గారికి అరవై ఏడేళ్లు. తెల్ల చొక్కా, పంచె, నుదుట చిన్న బొట్టు. ఆళ్లగడ్డ బజార్లో వాళ్లది మూడు తరాల కిరాణా అంగడి. గద్దె మీద ఆయన కూర్చోవడం మొదలుపెట్టి నలభై అయిదేళ్లయిందట.

"మ్యాడం, మా నాయన ఒక ఘనకార్యం చేసినాడు" అన్నాడు హరీశ్. "చాగలమర్రిలో పెండ్లికి పది కిలోలు బెల్లం పంపమని ఫోన్ చేసినారు. ఈయన పది కిలోలు అల్లం పంపినాడు."

నవ్వు ఆపుకోవడానికి నేను టేబుల్ మీది కాగితాలు సర్దుకున్నాను.

"ఆయప్ప ఫోన్లో గొణిగినాడు" అన్నాడు పెద్దాయన.

"గొణగలేదు. నేను మళ్లా అడిగితి గదా. పెండ్లోళ్లు అంగటి ముందరికొచ్చి అల్లం పోసిపోయిరి. అప్పట్నుంచి మాది 'అల్లం శెట్టి అంగడి' అయింది మ్యాడం. చిన్న పిల్లోళ్లు గూడా అట్లే పిలుస్తాండారు." హరీశ్ గొంతులో కోపం కంటే అవమానమే ఎక్కువ వినిపించింది. "నెల చూస్తా. బాగైతే సంతోషం. కాకుంటే నాయన ఇంట్లో కూచోవాల్సిందే, గద్దె మీద నేను కూచుంటా."

శేషయ్య గారు నా వైపు చూశారు. పదో తరగతి పిల్లవాడు హెడ్మాస్టరును చూసినట్టు చూశారు. గద్దె పోతే ఆయనకు పగలంతా ఏమీ మిగలదని ఆ చూపులోనే తెలిసిపోయింది.

రెండు చెవులకూ మిషన్లు పెట్టాను. మా సెంటర్‌లోని పాత లాప్‌టాప్ ఒకటి ఇచ్చి పాఠం ఎలా చేయాలో చూపించాను. ఒక అమ్మాయి గొంతు ఒక్కో మాట పలుకుతుంది. వెనకాల బజారు రొద ఉంటుంది. మనం విని మైకులో చెప్పాలి. తప్పయితే ఎర్ర ఇంటూ మార్కు పడి 'బుర్ర్' మని మోగుతుంది, అదే మాట మళ్లీ వస్తుంది. మూడుసార్లు తప్పితే తరవాతి మాటకు పోతుంది. అక్షరాల్లో మాత్రం ఆ మాట కనబడదు. కనబడితే చదివేస్తారు, వినరు కదా. మొదటి పాఠం పేరు 'వంటిల్లు', అందులో యాభై మాటలు. నూటికి డెబ్బై వస్తే గానీ రెండో పాఠం తెరుచుకోదు.

"ఏమీ భయపడకండి" అన్నాను. "విని, మీకు అర్థమైంది చెప్పండి, చాలు."

ఈ ఒక్క మాట నోరు జారి అన్నాను. దాని సంగతి తరవాత.

ఆయన మార్కులు ప్రతి సాయంత్రం నా ఫోన్‌కు వచ్చేవి. మొదటి వారం యాభైకి ఇరవై. రెండో వారం పందొమ్మిది. మూడో వారం పదిహేను. మిషన్ సౌండ్ తక్కువైందేమోనని ఒకసారి పిలిపించి పెంచాను. మార్కులు ఇంకా తగ్గాయి. ఒకరోజు ఆయన భార్య గౌరమ్మ గారు ఫోన్ చేశారు.

"పాపా, మధ్యాన్నం ఆయన మేడ మీద గదిలో తలుపేసుకొని అరుస్తాండాడమ్మా. ఏమన్నా అయితాదేమో అని బయమైతాంది."

"అరవనీండమ్మా, గట్టిగా చెబితే మంచిదే" అన్నాను నేను. చెవుల డాక్టరమ్మ తెలివి అది.

నాలుగో వారం శనివారం తండ్రీకొడుకులు వచ్చారు. ఆ వారం మార్కులు పదకొండు. హరీశ్ నా ఫోన్లో గీత కిందికి దిగిపోవడం చూశాడు.

"నేర్చుకునే కొద్దీ తగ్గే చదువు యాడన్నా ఉంటాదా మ్యాడం?"

వయసన్నాను. చాలా ఏళ్లు ఆలస్యం చేశారన్నాను. కొందరికి మిషన్‌తో లాభం తక్కువే అన్నాను. నాకు తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పడం నాకు బాగా చేతనవును. శేషయ్య గారు నెల కింద వచ్చిన మనిషిలా లేరు. నేనేం అడిగినా కొడుకు మొహం వైపు చూస్తున్నారు. పేరు అడిగినా సరే.

"సోమవారం నుంచి గద్దె మీద నేనే" అన్నాడు హరీశ్, లాప్‌టాప్ నా టేబుల్ మీద పెడుతూ.

పెద్దాయన గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "నీ తప్పేం లేదులే పాపా. నా చెవే పాడైంది" అని, నన్నే ఓదార్చి మెట్లు దిగారు.

ఆ లాప్‌టాప్ ఇంకొకరికి ఇవ్వాలి కాబట్టి పాత పాఠాలు తుడిచేద్దామని తెరిచాను. అందులో ఆయన చెప్పిన జవాబులన్నీ రికార్డయి ఉన్నాయి. నెల రోజులూ నేను చూసింది అంకెలే. ఒక్కసారైనా ఆయన గొంతు వినలేదు. తుడిచే ముందు, ఎందుకో, మొదటి రోజుది నొక్కాను.

బజారు రొదలోంచి అమ్మాయి గొంతు, రేడియోలో వార్తలు చదివినంత శుభ్రంగా, "ఉల్లిపాయలు" అంది.

"ఎర్రగడ్డలు" అన్నారు శేషయ్య గారు, టక్కున.

బుర్ర్. ఇంటూ మార్కు.

"ఉల్లిపాయలు."

"ఎర్రగడ్డలు!"

బుర్ర్.

"ఉల్లిపాయలు."

"ఎర్రగడ్డలు గదమ్మా! ఇంగేందీ?"

బుర్ర్.

నాకు ముందు పడీపడీ నవ్వొచ్చింది. తరవాతి మాట "బంగాళాదుంప". ఆయన "ఉర్లగడ్డ" అన్నారు. ఇంటూ మార్కు. మరమరాలంటే బొరుగులన్నారు. వెల్లుల్లి అంటే తెల్లగడ్డలన్నారు. పంచదార అంటే చక్కెరన్నారు. చీపురంటే పరక అన్నారు. అన్నిటికీ బుర్ర్, బుర్ర్, బుర్ర్. పెన్ను తీసుకుని లెక్క వేశాను. ఆ మొదటి రోజు ఆయన విన్నది యాభైకి ముప్పై ఎనిమిది. నూటికి డెబ్బై ఆరు. అంటే మొదటి రోజే ఆ పాఠం పాసై రెండో పాఠానికి పోవాల్సిన మనిషిని, నెల రోజులు వంటింట్లో పెట్టి గొళ్లెం వేశాను.

నాది పాములపాడు. మా ఇంట్లో ఎర్రగడ్డలు లేకుండా చారు కాగలేదు. హైదరాబాదులో చదువుకునేటప్పుడు హాస్టల్ మెస్సులో "ఎర్రగడ్డలున్నాయా?" అని అడిగితే, "బస్సెక్కు, ఎర్రగడ్డలో దింపుతాడు" అని పిల్లలంతా నవ్వారు. అక్కడ అదొక పేట పేరు. ఆ రోజు నుంచి నేను ఉల్లిపాయ అనడం మొదలుపెట్టాను. యాడ అనడం మానేసి ఎక్కడ అన్నాను. పన్నెండేళ్లుగా ఎంత శుభ్రంగా మాట్లాడుతున్నానంటే, నా ముందు కూర్చున్న ఆళ్లగడ్డ మనిషి ఆ పాఠంలోని మాటలను తన మాటల్లో చెబుతాడన్న ఆలోచనే రాలేదు. పైగా "మీకు అర్థమైంది చెప్పండి" అని చెప్పింది నేనే. విన్న మాటను అలాగే తిరిగి చెప్పమని అనలేదు. ఆయన నేను చెప్పినట్టే చేశారు.

రెండో వారం రికార్డు పెట్టాను. నా నవ్వు అక్కడితో ఆగిపోయింది.

"ఉల్లిపాయలు."

"ఎర్రగడ్డలు."

బుర్ర్.

"తెల్లగడ్డలా?"

బుర్ర్.

"ఉర్లగడ్డలా తల్లీ?"

బుర్ర్.

మూడో వారానికి జవాబు రావడానికి ముందు చాలాసేపు ఊపిరి చప్పుడే వినిపిస్తోంది. సరిగ్గా విన్న మాటను కాదంటూ కాదంటూ, ఆయన చెవి మీద ఆయనకే అనుమానం పుట్టించాం, నేనూ నా లాప్‌టాపూ. వినడం నేర్పిస్తానని తీసుకుని, వచ్చిన వినికిడిని కూడా నమ్మకుండా చేశాను. సిగ్గుతో నాకు తల తీసేసినట్టయింది. నాలుగో వారం వినే ధైర్యం లేక మూత మూసేశాను.

వెంటనే హరీశ్‌కు ఫోన్ చేశాను.

"అప్పుడు మీరే పదకొండంటిరి. ఇప్పుడు ముప్పై ఎనిమిదంటాండారు. ఏందీ మ్యాడం, మార్కులు ఫోన్లో పెరుగుతాయా?" అని పెట్టేశాడు. అతని కోపంలో తప్పేముంది?

సోమవారం పొద్దున సెంటర్‌కు తాళం వేసి, లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని చాగలమర్రి బస్సెక్కాను. ఆళ్లగడ్డలో దిగి బజార్లో శెట్టి గారి అంగడి ఎక్కడని అడుగుతూ పోతే, "అల్లం శెట్టి అంగడా? ఆ సందు దాటినంక" అని చూపించారు. హరీశ్ బాధ అప్పుడు నాకు నిజంగా అర్థమైంది.

హరీశ్ గద్దె మీద కూర్చుని ఉన్నాడు. పెద్దాయన లోపల బస్తాల పక్కన స్టూలు మీద గోడకు ఆనుకుని ఉన్నారు, దగ్గరే గౌరమ్మ గారు. చెవుల్లో మిషన్లు లేవు. నన్ను చూసి లేచి, చేతులు జోడించి, మళ్లీ కూర్చున్నారు. అంగటి ముందు శివమ్మ అనే ముసలామె సంచి పట్టుకుని ఉంది. ఆమె వెనక ఇంకో నలుగురు.

"హరీశ్ గారూ, తప్పు మీ నాన్నగారిది కాదు, నాది" అన్నాను. నాలుగు ముక్కల్లో చెప్పాను. అతను బియ్యం కొలుస్తూనే విన్నాడు.

"నన్ను నమ్మకపోతే మీరే వినండి" అని లాప్‌టాప్ తీసి పప్పు డబ్బాల మీద పెట్టి, మొదటి రోజుది నొక్కాను.

"ఉల్లిపాయలు" అంది అమ్మాయి. "ఎర్రగడ్డలు" అన్నారు శేషయ్య గారు. బుర్ర్ మంది.

"సరింగానే చెప్పినాడు గదా శెట్టి!" అంది శివమ్మ. "మద్దెలో ఈ బుర్ర్ ఏందీ?"

"తప్పని మోగుతుందమ్మా."

"యాడ తప్పు? ఆఫీసరమ్మలొచ్చి ఉల్లిపాయలన్నా, సాయిబులొచ్చి ప్యాజ్ అన్నా, శెట్టి ఎర్రగడ్డలని పైకి చెప్పే గదా తూకమేసేది. ఇన్నేండ్లుగా చూస్తాండా. ఆ చెప్పేది ఇన్న తర్వాతే మేం ఊ అంటాం. ఈ మిషన్‌కు చెవుడా ఏందీ?"

అందరూ గొల్లున నవ్వారు. బంగాళాదుంప వచ్చింది, ఉర్లగడ్డ అన్నారు, బుర్ర్ మంది. మళ్లీ నవ్వారు. మరమరాలకు రికార్డులోని శెట్టి గారి కంటే ముందే జనం "బొరుగులు!" అని అరిచారు. పక్క అంగడి వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. నాకు కూడా కాస్త ఊపిరి తిరిగింది.

లోపల శేషయ్య గారికి ఇదేదీ వినపడలేదు. ఆయనకు కనబడింది ఒక్కటే. తను నెల రోజులు ఓడిపోయిన ఆ లాప్‌టాప్ బజారుకెక్కింది, జనం దాని చుట్టూ చేరి నవ్వుతున్నారు. గౌరమ్మ గారు చేయి పట్టుకోబోయినా విడిపించుకుని, తల వంచుకుని, వెనక మెట్ల వైపు నడిచారు.

హరీశ్ ఒక్కడే నవ్వలేదు. "ఇది సరే మ్యాడం" అన్నాడు. "కడా వారం పదకొండు వచ్చినాయి గదా. అవి గూడా ఎర్రగడ్డలేనా? మొన్న శుక్రవారంది పెట్టండి."

అది నేనూ వినలేదు. వినకుండానే నొక్కాను.

బజారు రొద. అమ్మాయి గొంతు. "ఉప్పు."

ఉప్పును యాడైనా ఉప్పే అంటారు. అందరం ఎదురుచూశాం. రొద నడుస్తోంది. "ఉ..." అని శేషయ్య గారి గొంతు మొదలై, అక్కడే ఆగిపోయింది. కాసేపటికి చిన్నగా, "తెల్దు" అంది.

బుర్ర్.

"ఉప్పు."

"తెల్దులేమ్మా."

బుర్ర్.

"ఉప్పు."

ఈసారి జవాబే లేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది, అంతే.

నవ్వుతున్నవాళ్లు ఆపేశారు. శివమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నలభై అయిదేళ్లు ఉప్పమ్మిన మనిషి ఉప్పన్న మాట విని, నోటి దాకా తెచ్చుకుని, మళ్లీ తప్పంటారని భయపడి మింగేశాడు.

హరీశ్ చేయి చాపి లాప్‌టాప్ మూసేశాడు. ఎవరి వైపూ చూడకుండా గద్దె దిగాడు. మెట్ల దగ్గరికి పోయి తండ్రి మణికట్టు పట్టుకున్నాడు. రెండో మెట్టు మీదున్న పెద్దాయన వెనక్కి తిరిగారు.

"నాది తప్పు నాయనా" అన్నాడు హరీశ్. "వచ్చి కూచో."

"ఏందీ?" అన్నారు శేషయ్య గారు.

గౌరమ్మ గారు గబగబా దేవుడి గూట్లోంచి డబ్బా తెచ్చి మూత తీశారు. పెద్దాయన ఒక్కో మిషన్నూ తీసి, తడుముకుంటూ చెవుల్లో పెట్టుకున్నారు. ఒకటి జారి కింద పడితే హరీశ్ వంగి, తీసి, తన చొక్కాకు తుడిచి ఇచ్చాడు. తొందరపెట్టలేదు. బయట తూకం కోసం నిలబడినవాళ్లూ తొందరపెట్టలేదు.

"ఊ, ఇప్పుడు చెప్పు" అన్నారు శేషయ్య గారు.

"నాది తప్పు నాయనా. వచ్చి కూచో."

పెద్దాయన కొడుకు మొహంలోకి చాలాసేపు చూశారు.

"ముందే ఇనపడింది లేరా" అన్నారు. "ఇంగోసారి ఇందామని అడిగితి."

హరీశ్ ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు. శేషయ్య గారు మాత్రం ఏడవలేదు. అంగట్లో మనుషులు నిలబడి ఉండగా అలాంటి పనులు చేయడం ఆయనకు అలవాటు లేదు. పంచె సర్దుకుని గద్దె ఎక్కి కూర్చుని, "శివమ్మా, నీకేం కావల్నో గట్టిగా చెప్పు" అన్నారు.